కుక్కపిల్ల కోసం వెళ్తే

తమ్ముడు రాజేశం, మీరంతా క్షేమమని తలుస్తాను.

మీ బావ పోయినప్పటి నుంచి నా బిడ్డ ప్రవళిక నోరు విప్పడం లేదు. కుక్కపిల్లను కొనిద్దామని కరీంనగర్ తీసుకెళ్తే, దుకాణంలో టరాంటులా అనే అరచేయంత సాలెపురుగు ముందు ఆగిపోయింది.

“మొదటిసారి పెంచేటోళ్లకు ఇదే నయం. నిమ్మళంగ ఉంటది. ఆడది గదా, ఇరవై ఏండ్లు బతుకుతది,” అన్నాడు దుకాణదారు.

“కుక్కపిల్లను తీసుకుందాం బిడ్డా,” అన్నాను.

“వద్దవ్వా. కుక్క జల్ది సచ్చిపోతది.”

ఇన్నాళ్లకు నోరు విప్పి అడిగిందని కాదనలేక తెచ్చాను. దాన్ని చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. తిండికి బొద్దింకలు వేయాలట. చేసింది మంచో చెడో తేల్చుకోలేకపోతున్నాను.

ఈ పొద్దున ప్రవళిక గాజుపెట్టె ముందు కూర్చుని దానితో మాట్లాడుతోంది. “పగలంత పండుకుంటవా? మా బాపు గూడ గంతే. బొగ్గుబాయిల రాత్రి డ్యూటీ.”

లోపలికి వెళ్లాలో, గుమ్మంలోనే నిలబడాలో నాకు తెలియలేదు. నువ్వోసారి వచ్చి పో.

అక్క