మార్చి దాకా ఈడే ఉంటా బావా

చిత్తూరు,
ఆదివారం సాయంత్రం.

విజయ్ బావకు కోమలి ప్రేమతో రాసేది. అత్తా, నేనూ బాగున్నాం. సరిహద్దు కొండ మీద అంత ఎత్తున, ఫోను పలకని చోట కాపలా కాసే నువ్వు కూడా ఒంట్లో నలత లేకుండా ఉన్నావనే అనుకుంటున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్త మోకాలు నయం, బస్సు మెట్లు తనే ఎక్కుతోంది. వంటింటి కప్పు బాగుచేయించాం, మొన్నటి వానకు ఒక్క చుక్క కారలేదు. నా క్లాసు పిల్లలు ఇంకా నోరు విప్పడం లేదా అని అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది.

మా కాన్వెంటులో ఈ ఏడు జూనియర్ ఇంటర్ వాళ్ళకు సివిక్స్ చెప్పమని ప్రిన్సిపాల్ సిస్టర్ ఫిలోమినా నాకు అప్పగించారని రాశాను కదా. సగం మంది పల్లె బడుల నుంచి వచ్చినవాళ్ళు. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన గొంతెత్తి పాడతారు. క్లాసులో ప్రశ్న అడిగితే తల వంచుకుంటారు. వాళ్ళలో లోకేశ్వరి అనే అమ్మాయి దసరా సెలవుల తర్వాత రావడమే మానేసింది.

పోయిన శనివారం బస్సెక్కి కాణిపాకం వెళ్ళాను. గుడికి పోయే దారిలో వాళ్ళ అవ్వ గురవమ్మది పూలంగడి. లోకేశ్వరి గరిక కట్టలు కడుతోంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది.

“రోజూ ఇంటికొచ్చి ఏడస్తా ఉండాదమ్మా,” అంది గురవమ్మ. “ఏడిపించే సదువు మాకెందుకని నేనే నిలిపేసినా.”

“పాఠం అర్థం కాలేదా?” అని లోకేశ్వరిని అడిగాను.

“అర్థమైతాది మేడం. చెప్పేటప్పుడే ఇంగ్లీషు నోట్లోకి రాదు. అందరూ నవ్వితే?”

“సోమవారం వచ్చి తెలుగులో చెప్పు. ఇంగ్లీషు సంగతి మేమంతా చూసుకుంటాం.”

గురవమ్మకు నమ్మకం కుదరలేదు. “మళ్ళా ఏడ్చుకుంటా వస్తే మిమ్మల్నే అడగతా,” అంది. అడగమన్నాను.

సోమవారం హక్కుల పాఠం. లోకేశ్వరిని లేపాను. “సదువుకునేది మన హక్కు మేడం. ఎవురో దయ తలచి ఇచ్చింది గాదు,” అంది. నేను సుద్దముక్క తీసుకుని, దీన్ని ఇంగ్లీషులో ఎవరు చెబుతారని అడిగాను. వెనక బెంచీలోంచి రూపేష్ ఒక మాట అందించాడు, మోహన ఇంకొకటి. దయ తలచడం దగ్గర అందరూ ఆగిపోయారు. నాకూ సరైన మాట తట్టలేదు, అదే చెప్పాను. మేడంకే రాలేదని పిల్లలు పగలబడి నవ్వారు. లోకేశ్వరీ నవ్వింది. కొట్టేసి, తుడిచేసి, చివరికి వాక్యం పూర్తిచేశాం. బోర్డు మీదిది తనే గట్టిగా చదివింది.

తిరిగి చూస్తే గుమ్మంలో సిస్టర్! “కోమలీ, వీళ్ళ గొంతులు ఆఫీసు దాకా వినబడతా ఉండాయి,” అన్నారు.

“క్షమించండి సిస్టర్.”

“ఎందుకమ్మా? ప్రార్థనలో తప్ప ఈ పిల్లల గొంతు నేను వినింది ఈరోజే.”

అప్పటి నుంచీ రోజూ అలాగే చదువుతున్నాం. లోకేశ్వరి మళ్ళీ మానలేదు.

బావా, ఇక అసలు మాట దాచలేను. డిసెంబరులో కొండ దిగగానే జబల్‌పూర్‌లో క్వార్టర్స్ ఇస్తారని, వచ్చి తీసుకెళ్తానని, ఈలోగా రాజీనామా ఇచ్చేయమని రాశావు. నేను ఇవ్వలేదు. మార్చిలో వీళ్ళ పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా ఉంటానని సిస్టర్‌కు మాటిచ్చాను, నిన్ను అడగకుండానే. నీతో ఉండాలని లేక కాదు. పెళ్ళైనప్పటి నుంచి మనం కలిసి ఉన్నదెంతని? ఆ ఇంటి కిటికీలకు కర్టెన్లు కూడా మనసులోనే కుట్టేసుకున్నాను. కానీ ఇప్పుడిప్పుడే నోరు విప్పిన పిల్లల్ని సగంలో వదిలి రావడానికి కాళ్ళు రావడం లేదు.

అత్తకు చెప్పాను. “వాడితో నువ్వే సెప్పుకో, నన్ను మధ్యలోకి లాగొద్దు,” అంది. మర్నాడు మాత్రం నా క్యారియర్‌లో లోకేశ్వరికని ఇంకో డబ్బా పెట్టింది.

కోపం వస్తే ఉత్తరంలోనే తిట్టు, చదువుకుంటాను. డిసెంబరులో సెలవుకు వచ్చినప్పుడు ఒకరోజు మా బడికి రా. పిల్లలు నిన్ను అడగాల్సిన ప్రశ్నలు ఇప్పటి నుంచే ఇంగ్లీషులో కూడబలుక్కుంటున్నారు. పరీక్షలు కాగానే రైలెక్కి వచ్చేస్తాను. అక్కడా నోరు విప్పని పిల్లలుంటారు కదా. వచ్చాక ఇద్దరం కలిసి నాకో బడి వెతుకుదాం.

ఇట్లు,
నీ మరదలూ, నీ భార్యా అయిన
కోమలి