గురువారం పని: నీలం ఊలు

మట్టెవాడ, వరంగల్
14 నవంబర్ 2024, గురువారం

చిరంజీవి యమునకు,

నీ మామ కైలాసం నిండు మనసుతో దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అత్తా ఒక్క చలికి తప్ప దేనికీ భయపడకుండా ఉన్నాం. నర్సంపేటలో మీ అమ్మగారి మోకాలు ఎలా ఉంది? ఆపరేషన్ అయ్యాక కర్ర లేకుండా నాలుగడుగులు వేస్తున్నారా? ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోనులో నీ గొంతు వినగానే తిన్నావా, పడుకున్నావా అనడం తప్ప నాకు మరో మాట రాదు. అందుకే శనివారం మా అబ్బాయి మహిపాల్ నిన్ను చూడడానికి వస్తుంటే వాడి చేతికిచ్చి పంపుతున్నాను.

మొన్న ఆదివారం నువ్వు గంటసేపు ఇంటికొచ్చి, బీరువా తలుపు మీద ఈ వారం పనుల కాగితం అంటించి వెళ్లావు కదా. అందులో నా పేరు కూడా ఉంది. ‘గురువారం: మొగిలయ్య కాక దగ్గర మిగిలిన ఊలు వాపసు తేవాలి, ఇక ఆయనకు రంగుల పని ఇవ్వొద్దు – మామయ్య.’ నాలుగేళ్లుగా నీ కాగితాలు చదువుతున్నాను, నా పేరు రావడం ఇదే మొదలు. ఆ పని ఏమైందో చెప్తాను. ముందు నా మాట కాస్త విను.

నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో రెండు సూదులు పట్టుకుని కూర్చుంటే, మగ్గం లేకుండా అయ్యేది ఏం బట్ట అని నవ్వినవాణ్ణి నేను. నలభై ఏళ్లు జంపఖానాలు నేసిన పొగరు అది. తర్వాత ఒకరోజు కళ్లజోడు వెతుకుతూ బీరువా దగ్గరికి వెళ్లి నీ కాగితం చదివాను. సోమవారం శాలువా అంచు గళ్ల కాగితం మీద గీయాలి. మంగళవారం చంటిపిల్లల టోపీకి మూడు కొలతలు రాయాలి. బుధవారం చేసంచి పిడి అల్లి, బరువు వేసి చూడాలి. శనివారం నచ్చనిది విప్పాలి.

విప్పాలి అన్న మాట దగ్గర ఆగిపోయాను. మేము పోగు తెగితే ముడివేసి, ముడి కనబడకుండా అదిమి ముందుకు పోయేవాళ్లం. నేసింది విప్పడమంటే మాకు తలవంపులు. నువ్వేమో దాన్ని కూడా ఒక పనిగా రాసి పెట్టుకుంటావు! నెల రోజులు అల్లిన స్వెట్టరు ఒక్క కుట్టు తప్పిందని విప్పుతుంటే మీ అత్త చూడలేక వంటింట్లోకి పోయింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నువ్వు ఊలును ఉండ చుడుతూ ఏదో కూనిరాగం తీస్తున్నావు. ఎంత గుండె బిడ్డా నీది! ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

హైదరాబాదు ప్రదర్శనకు పంపే శాలువాకు నా పాత జంపఖానా మీది మెట్ల గీతను అంచుగా తీసుకున్నావు. ఇది మా మామయ్య గీత అని వాళ్లకు రాసి కూడా పంపావట. మహిపాల్ చెబితే ఆ పూట నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఆ శాలువాకు పెట్టుకున్న నీలం ఊలే పాడైంది. మొగిలయ్య రంగేసి పంపిన సంచిని ఆదివారం నువ్వు మొదటిసారి తెరిస్తే అట్టలా బిగుసుకుపోయి ఉంది. రంగు కాచేటప్పుడు మంట ఎక్కువ పెట్టాడని నా ఎదుటే మొగిలయ్యకు ఫోన్ చేసి, నమ్మి ఇస్తే గిట్ల చేస్తవా కాకా, ఇగ నీకూ నాకూ చాలు అని పెట్టేశావు. చూసుకొమ్మని మహిపాల్ చేత ఒక చిలప ఊలు, ఒక్క చుట్ట, ఆయన ఇంటికి పంపించావు కూడా. రెండు చిలపల ఊలుకు రంగెవడు కలుపుతాడని అందరూ తిప్పి పంపిన రోజున, తే బిడ్డా, నేనేస్త అన్నవాడు ఆయనొక్కడే. అది నువ్వు మరిచిపోయే మనిషివి కావు.

ఈ ఉదయం ఆయన దగ్గరికి వెళ్లాను. టీ తాగించాడు. నీ మీద పల్లెత్తు మాట అనలేదు. మిగిలిన ఊలు మాత్రం నేను తేలేదు. నీ మాట కాదన్నానని కోపం తెచ్చుకోకు. ఎంత పనిమంతుడికైనా ఒకసారి చెయ్యి తప్పుతుంది. నా మాట మన్నించి, ఆయన్ని వదులుకోకు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ పనితనం చూసి మురిసిపోయే మామ,
కైలాసం

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. చెయ్యి తప్పింది మొగిలయ్యకు కాదు, నాకు. ఊలు పాడు చేసింది నేను. పోయిన గురువారం నీ కాగితంలో ‘నీలం ఊలు ఉతికి నీడలో ఆరేయాలి’ అని ఉంది. నువ్వు అమ్మ దగ్గర ఉన్నావు కదా, నేను చేసి పెడదామనుకున్నాను. పట్టుకుంటే పోగు మరీ మెత్తగా తగిలింది, బలం చాలదనిపించింది. మగ్గానికి పడుగు నూలు సిద్ధం చేసినట్టే గంజి కాచి, సలసల మరిగేదాంట్లో ముంచి, రెండు చేతులా పిసికి పిండి ఆరేశాను, ఆరాక మళ్లీ సంచిలోనే పెట్టాను. నూలుకు బలమిచ్చే గంజి ఊలును చంపుతుందని నాకేం తెలుసు? ఆదివారం నువ్వు ఆయన్ని తిడుతుంటే చెప్పాలని నోరు తెరిచాను. నా గీతను అంచుగా పెట్టుకున్న కోడలి ముందు చిన్నవాణ్ణవుతానని మూసుకున్నాను.

పొద్దున మొగిలయ్యకు అంతా చెప్పేశాను. ఆయనకు ఆదివారమే తెలుసట. నువ్వు పంపిన చిలప ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసిందట. గంజి వాసన నాకు తెల్వదా బావా, మీ ఇంట్ల గంజి కాసేటోనివి నువ్వొక్కనివే గద, కోడలి ముంగట నీ ఇజ్జత్ పోతదని ఊకున్న, నాకేమున్నది, నాలుగు తిట్లు అన్నాడు. ఆయన ముందే ఏడ్చాను బిడ్డా.

ఈ ఉత్తరం అందగానే ముందు ఆయనకు ఫోన్ చెయ్యి. నన్ను తర్వాత తిట్టు.