పటంలో కరగని మంచు

పర్వత మంచు అంచనాల విభాగాధిపతి గారి సముఖమునకు, మల్యాల మండల వాసి, గీత కార్మికుడు, ప్రస్తుతం హిమాలయ కనుమ రోడ్డుపై మంచు తీసే కూలీ అయిన బుర్ర ఓదెలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేలమీద లేని మంచును తమ కంప్యూటర్ పటం నుండి కూడా తొలగించి, నన్ను ఇంటికి పంపుట గురించి.

1. మంచు పోగానే మమ్ములను ఇంటికి పంపవలెనని ఒప్పందము. కనుమలో మంచు పోయి, గడ్డి మొలిచి, గొర్రెలు మేయుచున్నవి. అయినను మా సూపర్‌వైజర్ ప్రేమ్‌సాగర్, కోరుట్ల మనిషే, తమ పటం చూపి "గిండ్ల తెల్లగనే ఉన్నది, ఎట్ల పంపాలె?" అనుచున్నాడు.

2. తమ పటంలో శిఖరము, లోయ, మా కనుమ అన్నియు ఒకే గడిలో ఉన్నవట. అన్నిటికీ సరాసరి ఎత్తు ఒక్కటేనట, ఆ ఎత్తున మంచు ఇంకా ఉండవలెనట. ఈ లెక్కన మా దగ్గరి కొండగట్టు గుట్టను, కింద మా మక్కచేనును కలిపినచో, చేనులో కలుపు తీసే మా అవ్వ సగం గుట్ట ఎక్కినట్టే. ఆమెకు మోకాళ్ల నొప్పులు కలవు.

3. మంచు తెల్లగా ఉన్నది గనుక ఎండను తిప్పికొట్టునట. ఎండ తగలదు గనుక కరగదట. ఈ వాదము తమ కంప్యూటర్‌లో చక్కగా నడుచుచున్నది. ఇక్కడ లారీల పొగకు మంచు నల్లబడి ఎప్పుడో కరిగినది. తమ మంచు మాత్రం ఇంకా పెళ్లికొడుకు ధోతిలాగే ఉన్నది.

4. వచ్చే ఆదివారం మా ఊరి గీత సంఘంవారు తాటిచెట్లు పంచుదురు. ఆ పూట ఊర్లో లేనివానికి వంతు లేదు. మా నాయిన ఎక్కిన చెట్లు ఇంకొకరి పాలవుతాయంటే, అయ్యా, నాకు ముద్ద దిగడం లేదు. లేని మంచుకు నన్ను కాపలా పెట్టి నా బతుకు తీయకండి.

కావున ఆ గడిని చిన్న ముక్కలుగా కోసియో, ఒక మనిషిని పంపి చూపించియో, ఆదివారంలోగా నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బుర్ర ఓదెలు

తా.క.: అర్జీ పోస్టులో వేసేలోపే ఆదివారం అయిపోయింది. నా భార్య సౌమ్య ఫోన్ చేసింది. మీ గడి సంగతి సంఘంలో చెప్పిందట. సంఘం పెద్ద కిష్టయ్య నవ్వి, "ఓదెలు గుట్ట మీద, మనం ఊర్లె. సరాసరి తీస్తె ఆడు అచ్చినట్టే" అని నా చెట్లు నాకే ఉంచాడట. మీ లెక్కకు దండం.

తర్వాత సౌమ్య అడిగింది: "గదంత సరే, మరి కల్లు ఎవలు గీస్తరు?"

తాటిచెట్టుకు సరాసరి తెలియదయ్యా. గీత తప్పితే గెల ఎండిపోతుంది. నన్ను పంపండి.