మేడ మీద ఈత

మందుల షాపు నుంచి,
ఆగస్టు

నా సకెల్లారికి,

ఈ కాలంలో ఉత్తరమేమిటి, ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్ మోగితే మీ అమ్మ నా భుజానికి చెవి ఆనించుకుని కూర్చుంటుంది. నేను నోరు తెరిచేలోపు "ఏమంటున్నాడు, తిన్నాడా" అని అడుగుతుంది. అందుకే మధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకుని కునుకు తీసే వేళ, షాపు వెనక గదిలో దగ్గుమందు పెట్టెల మధ్య కూర్చుని రాస్తున్నాను. ముందుముందు మీ ఓడ ఏ రేవులో ఆగితే అక్కడ మీ కంపెనీ వాళ్లు నీ చేతికిస్తారట.

చుట్టూ తిప్పకుండా చెప్పేస్తాను. అక్టోబరులో పెద్ద ద్వీపంలో జరిగే ట్రయాథ్లాన్‌లో నేను పాల్గొంటున్నాను. పుట్టింటి పేరుతో నమోదు కూడా చేసుకున్నాను. ముందు సముద్రంలో ఈత, ఆ వెంటనే సైకిలు, ఆ వెంటనే పరుగు. ఇందుకోసం రెండేళ్లుగా ఒళ్లు వంచుతున్న సంగతి నీకు తెలుసు. కొత్త సంగతల్లా ఇంట్లో చావు జరిగిన ఏడాదే నేను దీనికి సిద్ధపడటం.

మే నెలలో మామయ్య కాఫీ షాపులో కుర్చీలోంచి లేవకుండానే వెళ్లిపోయినప్పుడు నువ్వు నడిసంద్రంలో ఉన్నావు. మట్టి వెయ్యడానికి కూడా రాలేకపోయావు. తరవాత ఫోన్ చేసి నువ్వన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "అమ్మ నిన్ను ఏడాది దాకా సముద్రంలో దిగొద్దంటోంది. నీతో అనలేక నాతో అంది. ఆవిడ దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు" అన్నావు. నేను ఎత్తలేదు. ఈత బట్టలు బీరువా అడుక్కి తోసి నల్లబట్టలు తొడుక్కున్నాను. చావింటివాళ్లు ఏడాది దాకా సముద్రంలో ఈదకూడదన్న పాతకాలం ఆచారం నాకు తెలియనిది కాదు. ఇప్పుడు నలభయ్యో రోజు ప్రార్థన అయిపోగానే దిగేవాళ్లే ఎక్కువ, అయినా మీ అమ్మ కోరిందంటే కాదనే దాన్ని కాను.

నన్ను కోసేది ఆ నిషేధం కాదు, సకెల్లారీ. ఇన్నేళ్లుగా ఆవిడా నేనూ ఒకే వంటింట్లో ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ వండుకుంటున్నాం. నాకు పిల్లలు నిలవనప్పుడు రోజుల తరబడి నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి. అలాంటి మనిషి నాతో చెప్పాల్సిన మాటను సముద్రాల అవతల ఉన్న నీతో చెప్పి పంపడమా? నన్ను అంత పరాయిదాన్ని ఎందుకు చేసింది? ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. నీకే చెబుతున్నాను.

ఇక సాధన సంగతి. నీ పెళ్లాం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదని నీకు తెలుసు. చావింటి ఆడది సరదాగా సైకిలు తొక్కితే ఊరు బుగ్గలు నొక్కుకుంటుంది. అందుకని కొండమీది ఇళ్లకు సైకిలు మీద మందులు చేరవేసే పని నేనే తీసుకున్నాను. ఒకే వీధిలో ఉన్న ఇద్దరికి కలిపి ఒక్కసారి వెళ్లకుండా విడివిడిగా వెళ్తున్నాను. ఇంత బాధ్యత గల మనిషిని చూడలేదని మా యజమాని మురిసిపోతున్నాడు. పరుగుకైతే కొండ పైన శ్మశానం ఉంది. మామయ్య సమాధి మీద దీపం ఆరకుండా చూడటం ఎలాగూ మన ఇంటి పనే. నూనె సీసా నడుముకు కట్టుకుని కొండ కింద నుంచి పైదాకా పరిగెడతాను. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, తలకి నల్ల గుడ్డ. దారిలో ముసలమ్మలు నన్ను చూసి సిలువ గుర్తు వేసుకుని "మామగారంటే ఎంత ప్రేమో" అంటున్నారు. ప్రేమ ఉన్న మాట నిజమే. పైకి చేరాక ఆయనతో రెండు మాటలు మాట్లాడి, ఊపిరి కుదుటపడ్డాక దిగుతాను.

చిక్కంతా ఈతతోనే. మామయ్య చేపల్ని కొట్టే ఈటెకు వాడే సాగే రబ్బరు గొట్టాలు గోడకి వేలాడుతుంటే తీసుకుని, మేడ మీద బట్టలారేసే స్తంభానికి కట్టాను. నడుం ముందుకు వంచి, చేతులు చాపి, నీళ్లు లాగినట్టు ఆ గొట్టాలను లాగుతాను. కళ్ల ముందు సముద్రం. నేను మేడ మీద ఈదుతున్నాను. నవ్వుకో, నాక్కూడా నవ్వొస్తుంది. కానీ భుజాలు మాత్రం గట్టిపడ్డాయి.

పోటీ నాడు మందుల కంపెనీ సమావేశమని చెప్పి పడవెక్కుతాను. మీ అమ్మకి తెలియక్కర్లేదు. నువ్వు ఫోన్‌లో నోరు జారావో, నీకు నాకు చెల్లు. నిన్ను అనుమతి అడగడానికి ఈ ఉత్తరం రాయలేదు, నీ దగ్గర దాచడం ఇష్టంలేక రాశాను.

నీ సెవస్తి


మందుల షాపు నుంచి,
సెప్టెంబరు

సకెల్లారీస్ గారికి,

"నా" అని ఎందుకు రాయలేదో ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే అర్థమవుతుంది.

మీ అమ్మ మోకాళ్లు వాచాయి. ప్రతి వేసవిలో తోటి ముసలమ్మలతో కలిసి టోపీలు పెట్టుకుని, మెడల దాకా నీళ్లలో నిలబడి, ఊరి సంగతులన్నీ తేల్చి గానీ ఒడ్డెక్కేది కాదు. అదే ఆవిడ మోకాళ్లకు మందు. ఈ ఏడు ఆ దారికే పోలేదు. మా యజమాని కూడా సముద్రంలో దిగమని ఆవిడకి చెప్పి చూశాడు. వినలేదు. నిన్న పొద్దున నేను కింద కూర్చుని మోకాళ్లకు మందు రాస్తుంటే నొప్పికి పళ్లు కొరికింది. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు మింగిందంతా బయటికొచ్చేసింది.

"ఏడాది దాకా ఎవరూ దిగకూడదని మీరే కదా పట్టుబట్టారు. ఇప్పుడు అనుభవించండి" అన్నాను.

"ఎవరితో పట్టుబట్టాను?"

"మీ అబ్బాయితో. నాతో అనడానికి నోరు రాక."

ఆవిడ కాలు వెనక్కి లాక్కుని నా మొహంలోకి చూసింది. "పిల్లా, నేను వాడితో అలాంటి మాటే అనలేదు. నలభై రోజులు కాగానే దిగుదామనే టోపీ కూడా దులిపి పెట్టుకున్నా. నువ్వేమో పొద్దునా సాయంత్రం సమాధి దగ్గరికి ఉరుకుతున్నావు. మేడ మీద చూస్తే ఆయన ఆత్మ కోసం వంగి వంగి మొక్కుతున్నావు. నువ్వు కొంచెం సడలిస్తే దిగుదామని చూస్తున్నా. కోడలు అంత నిష్ఠగా ఉంటే, కట్టుకున్నదాన్ని నేను పోయి నీళ్లలో తేలనా?"

నేను వంగి వంగి మొక్కడం! మేడ మీది నా ఈతను కింద పెరట్లోంచి చూసి, ఆవిడ దాన్ని మొక్కులనుకుందట. నా మొక్కుల కన్నా తన లెక్క తక్కువైతే తప్పని ఆవిడ కూడా గదిలో చాటుగా మోకాళ్ల మీద వంగి మొక్కుతోందట. ఆ మోకాళ్లు అంతలా వాచింది అందుకే, సకెల్లారీ. నా భక్తితో పోటీ పడి.

నేను రబ్బరు గొట్టాల సంగతి చెప్పాను. పోటీ సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ ముందు నోరు వెళ్లబెట్టింది, తరవాత నవ్వడం మొదలుపెట్టింది. మందు గిన్నె ఒలికిపోయేదాకా ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడకి ఏడుపొచ్చింది. మామయ్య ఉండుంటే ఈ కథ కాఫీ షాపులో ఏడాది చెప్పుకునేవాడని ఏడ్చింది. ఆవిడ్ని పట్టుకుని నేనూ ఏడ్చాను. నిజం చెబుతున్నాను, ఆయన పోయినప్పుడు కూడా మేమిద్దరం ఇలా కలిసి ఏడవలేదు.

ఇవాళ తెల్లవారగానే ఇద్దరం దిగాం. ఆవిడ నల్ల గౌనుతోనే దిగింది. అది నీళ్ల మీద గొడుగులా పొంగితే రెండు చేతులతో అణుచుకుంటూ, మోకాళ్లు మంచులా చల్లబడ్డాయని మురిసిపోయింది. నేను ఈతకు హద్దుగా నీళ్ల మీద కట్టిన ఎర్ర తేలుబుడ్డి దాకా వెళ్లి వచ్చాను. చేతులు మరిచిపోలేదు.

ఇక నీ సంగతికొద్దాం. అమ్మ అనని మాట అన్నట్టు ఎందుకు చెప్పావు? నీ అబద్ధం నమ్మి వేసవంతా ఆవిడ మీద మనసులో కారాలు మిరియాలు నూరాను. నా పక్కనే ఉన్న మనిషిని నాకు కాకుండా చేశావు. పోటీకి నేను వెళ్తున్నాను, దాచకుండా వెళ్తున్నాను. మీ అమ్మ నాతో వస్తోంది. నువ్వు మాత్రం ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు.

సెవస్తి


ఇంటి నుంచి,
అక్టోబరు

నా సకెల్లారికి,

పోటీకి ముందురోజు నువ్వు ఫోన్ చేశావు. అంతసేపు నువ్వు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నాన్న పోయాడని తెలిసిన రోజు కూడా నేను ఇంజను దగ్గర డ్యూటీ చేశాను సెవస్తీ. అన్నం తిన్నాను. పాళీ మారాక పడుకున్నాను. నాకేదీ ఆగలేదు. ఇంట్లో ఏదో ఒకటి ఆగితే గానీ ఆయన పోయినట్టు లేదనిపించింది. నువ్వు అన్నిటికన్నా ఇష్టపడేది ఈతే కదా" అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు పోటీ సంగతి. గాలి లేచింది, కెరటాలు మొహం మీద కొట్టాయి. నాకు నీళ్లలో సాధన చాలలేదని ఒడ్డున ఉన్న పిల్లికి కూడా తెలిసిపోయింది. నీళ్లలోంచి దాదాపు ఆఖరున వచ్చాను. సైకిలు మీద కొందరిని దాటాను. పరుగు దారిలో కొండ ఎదురైంది చూడు, అప్పుడు నవ్వొచ్చింది. ఖరీదైన బూట్లవాళ్లు నడుం పట్టుకుని నడుస్తుంటే వాళ్ల పక్కనుంచి పరిగెత్తుకుంటూ వెళ్లాను. నా వయసు ఆడవాళ్లలో మూడోదాన్ని. చేతికి నల్ల పట్టీ కట్టుకునే పరిగెత్తాను, ఎవరి బలవంతమూ లేకుండా. మీ అమ్మ ముగింపు గీత దగ్గర నిలబడి, తెలియని వాళ్లందరికీ నన్ను చూపించి "మా పిల్ల, మేడ మీద నేర్చుకుంది" అని చెప్పిందట. వాళ్లకేం అర్థమైందో దేవుడికి తెలియాలి.

తిరుగు పడవలో నీ మాటలన్నీ ఆవిడకి చెప్పాను. నాకు నీ మీద కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేను గానీ, నువ్వు ఆ ఇంజను చప్పుడులో ఒక్కడివే నిలబడి ఉండటం కళ్లకు కట్టింది. ఆ రోజు అక్కడ నీ భుజం మీద చెయ్యి వేసేవాళ్లు ఎవరున్నారు? నువ్వు ఆ దుఃఖాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక నా మీద దించావు. వేసవంతా నేను మోశాను. ఇక మొయ్యను, మొయ్యలేక కాదు, అది నాది కాదు గనక.

ఈ ఓడ దిగగానే ఇంకో ఓడకు సంతకం పెట్టబోతున్నావని మీ కంపెనీలో పనిచేసే వాళ్ల వల్ల తెలిసింది. పెట్టకు. రేవు కనబడుతుండగా మీ అమ్మ అన్న మాటతో ముగిస్తాను. ఇది మాత్రం ఆవిడ నిజంగా అన్నదే, కావాలంటే ఫోన్ చేసి అడుగు.

"వాణ్ణి ఇంటికి రమ్మని రాయి. మన ఏడుపు మనం ఏడ్చేశాం. వాడి నాన్న కోసం వాడి ఏడుపు వాడే వచ్చి ఏడవాలి గానీ, దాన్ని మనం ఏడ్చిపెట్టలేం గదమ్మా."

నీ సెవస్తి