గాజుల చెయ్యి పట్టని పెట్టె

ఆదివారం రాత్రి, మదనపల్లె

ఈరోజు నా సీమంతం. రెండు చేతులకూ మోచేతి దాకా గాజులే. పెన్ను కదిలినప్పుడల్లా గలగలమంటున్నాయి, నవ్వొస్తోంది.

చుట్టాలంతా పుంగనూరు బస్సెక్కాక, మనసాగక ఆఫీసు పంపిన సర్వర్ పెట్టె నమూనా ముందు కూర్చున్నాను. సర్వర్ నడుస్తుండగానే పాడైన ఫ్యాన్‌ను ఒంటిచేత్తో లాగి కొత్తది పెట్టేలా నేను గీసిన డిజైన్ అది. రేపు ఖాయం చేస్తే అచ్చులు తయారవుతాయి, ఇక మార్చడానికి ఉండదు.

చెయ్యి లోపలికి పోయింది. వెనక్కి రాలేదు. గాజులు ఫ్యాన్ పిడికి తగులుకున్నాయి.

"గాజులు తీసేసి లాగు" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ ఊరుకుంటుందా? "కాన్పయ్యేదాకా అవి తీయకూడదప్పా!" అని కొడుకును కసిరి, నావైపు తిరిగింది. "యాలమ్మా, ఈ పొద్దు గూడా ఆ పెట్టెలో చెయ్యి పెట్టినావు? ఉండు, కొబ్బరినూనె తెస్తాండాను."

నూనె రాసి, ముగ్గురం నవ్వుకుంటూ, ఒక్క గాజూ చిట్లకుండా చెయ్యి బయటికి తీశాం. అదే నిజం సర్వరైతే? పక్కనే తిరిగే ఇంకో ఫ్యాన్‌లో గాజు ముక్క పడితే...

ఇన్నాళ్లూ బోసి చేతులతోనే పరీక్షించాను. "పనిముట్లు అక్కర్లేదు, చెయ్యి చాలు" అని గొప్పగా రాశాను కూడా. ఎవరి చెయ్యి అని అనుకోనేలేదు.

పిడిని కాస్త బయటికి జరిపితే సరిపోతుంది. కానీ ఈ చివర్లో మార్పంటే టీమ్ లీడర్ ఒప్పుకుంటాడా? గాజులు తీసి చేసుకోవచ్చుగా అంటాడేమో.

అననీ. రేపు వీడియో మీటింగులో అందరి ముందూ మళ్లీ చెయ్యి పెడతాను. కొబ్బరినూనె సీసా పక్కనే ఉంచుకుంటాను.