అవ్వ తట్టిన మోకాలు

కరీంనగర్

చెల్లె మహిమా, నేను మంచిగనే ఉన్న, అవ్వను ఫికర్ పెట్టుకోవద్దను. నేను చెప్తుంటె మా రూంల ఉండే శ్యాంసుందర్ గీ కార్డు రాస్తుండు.

బోథ్‌ల మన ఇంటి అరుగు మీద కూసోని, చూపులేని నాకు అవ్వ పాఠాలు చదివేది. లైను అయిపోంగనే నా మోకాలి మీద తట్టేది, యాదికున్నదా? నా అసొంటోళ్లకు కంప్యూటర్‌ల రాత చదివి వినిపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ల నేను గదే పెట్టిన. లైను కాంగనే టక్‌మంటది. దాన్ని చూసుకునే పెద్దాయనకు సుత చూపు లేదు. "గిది నీకెట్ల తోచింది?" అని అడిగిండు. మా అవ్వ నేర్పిందని రాసిన. నిన్న దాన్ని అందరికిచ్చిండ్రు.

అవ్వకు ఆపరేషనైన కంటికి పట్టీ ఇప్పిండ్రా? ముచ్చట్లల్ల పడి చుక్కలమందు మర్వకు. బాపుకు వందనాలు చెప్పు.

గీ కార్డు అవ్వకు నువ్వే చదువు. లైను అయిపోయిన కాడల్ల ఆమె మోకాలి మీద తట్టు.

నీ అన్న
ఎబినేజర్