ఏసీ గదిలో టైలరమ్మ ఉంది

మీ ఏసీ గదిలో పైవాటా టైలరమ్మ పడుకుంది. కాస్త తేరుకుంది. ఏసీ ఆపారంటే ఊరుకోను. తడిగుడ్డ ఆరితే మార్చండి, కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. మాట తడబడితే నాకోసం చూడకుండా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి.

మధ్యాహ్నం నేను ఇంట్లో లేనప్పుడు, ఎండకి ఆ రేకుల కింద ఉండలేక మన తలుపే తట్టింది. తీస్తే చల్లదనం పోతుందని మీరు కదల్లేదు. టీకి వెళ్తూ అదేదో ఘనకార్యంలా నాకే చెప్పారు, చీమ కుట్టినట్టయినా లేకుండా. వెళ్లి చూస్తే పైమెట్ల మీద కూలబడి ఉంది.

మిగతా వాటాల్లో ముసలివాళ్లు ఎలా ఉన్నారో చూసొస్తాను. వచ్చాక నాతో మాట్లాడకండి.

అన్నట్టు, ఆవిడ మిమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "సారు నిద్రపోతున్నారేమో, పాపం" అంది. మెలకువగానే ఉన్నారని నేను చెప్పలేదు. మీరే చెప్పుకోండి.